గుల్లల సూది

బైరప్ప థర్మాకోల్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా లేదు. చెయ్యి చొక్కాకు తుడుచుకుని, పశువులకు జ్వరం చూసే అలవాటు కొద్దీ ఈసారి వేళ్ల వెనకభాగం ఆనించాడు. గది ఎంత వెచ్చగా ఉందో పెట్టె కూడా అంతే వెచ్చగా ఉంది.

ఆ పెట్టెలో ఉన్నది అతని భార్య సుబ్బక్క రక్తం. హోసూరు ఆస్పత్రి రెండో అంతస్తులో, కీమో వార్డుకు ఆనుకుని ఉన్న చిన్నగదిలో నర్సు మోనిషా ఇందాకే తీసింది. రెండే గొట్టాలు. మామూలు పరీక్షల గొట్టాలకుండే ఎర్ర మూతలు కావు వాటివి, మేకపిల్ల వీపులాగా మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. మోనిషా వాటిని నెమ్మదిగా తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, అట్లా కొంతసేపు తిప్పి, పెట్టెలో పడుకోబెట్టి మూత మీద టేపు అతికించింది. అది బెంగళూరు ల్యాబుకు పోవాలి. కొరియరు మనిషి ఇంకా రాకముందే వార్డులో ఎవరికో సెలైను అయిపోయిందని కేక వినబడింది.

"అప్పా, మీరు రొంతసేపు ఈడే కూర్చోండి. పెట్టెను ఎవురూ తెరవకుండా చూసుకోండి. కొరియరాయన వస్తే ఇచ్చేయండి," అని ఆ అమ్మాయి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

ఆ 'ఎవురూ'లో తాను కూడా ఉన్నాడని బైరప్పకు తట్టలేదు.

ఉద్దనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పశువుల డాక్టరు వెంట టీకాల డబ్బా మోసుకుని తిరగడం అతని ఉద్యోగం. గాలికుంటు టీకా కానీ, గొర్రెల టీకా కానీ, ఐసు లేకుండా గడప దాటకూడదు. వెచ్చబడిన టీకా నీళ్లతో సమానం, దాన్ని నమ్ముకున్న గొర్రె చచ్చిపోతే ఆ పాపం ఐసు చూసుకోనివాడిదే అని, పనిలో చేరిన రోజే పాత డాక్టరు అతనికి చెప్పాడు. పిల్లల పేర్లయినా తడబడతాడేమో కానీ బైరప్ప ఆ మాట మరిచిపోయిన రోజు లేదు. బండి మీద పోతూ పోతూ మధ్యలో ఆపి, డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి చూసుకునేవాడు. అతని లెక్కలో థర్మాకోల్ పెట్టె అనేదే ఐసు కోసం పుట్టింది.

"పాప మరిచిపోయింది," అనుకున్నాడు. పాపం, పొద్దున్నుంచీ ఆ పిల్ల కూర్చున్నది లేదు. ఎంతమందికని చూస్తుంది.

ఆ మధ్యాహ్నం బేరిగైలో టీకాలు ఉన్నాయి కాబట్టి అతని నీలం డబ్బా కాళ్ల దగ్గరే ఉంది. మూత తీసి రెండు ఐసు ప్యాకెట్లు బయటికి తీశాడు. తడి లేకుండా తువ్వాలుతో తుడిచాడు. పెట్టెకున్న టేపును గోటితో అంచు నుంచి చిరగకుండా ఊడదీశాడు. గొట్టాలకు రెండు పక్కలా ఐసు పెట్టి, కదలకుండా మధ్యలో దూది కుక్కి, మళ్లీ టేపు ముడతలు లేకుండా సాపు చేశాడు. మూత మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. తెలుగూ అరవమూ చదవగలడు గానీ ఇంగ్లీషు అతనికి రాదు. కొరియరాయన రాగానే రెండు చేతులతో అందించాడు.

మోనిషాకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే నలుగురూ వింటారు, ఆ పిల్ల మరిచిపోయిందని పెద్దవాళ్ల చెవిన పడితే తిడతారు. మంచిపని చేసి నోరు మూసుకున్న తృప్తితో బయటికి వచ్చాడు.

సుబ్బక్క బెంచీ మీద కూర్చుని, సూది గుచ్చినచోట దూది నొక్కి పట్టుకుని ఉంది. ఆమె పక్కన కూర్చుని, పరీక్ష సంగతి మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. పొద్దున డాక్టరు ప్రేమ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది కానీ, అతని మనసు సగం అర్థం చేసుకుని సగం ప్రార్థనలో పడిపోయింది.

సుబ్బక్కకు జబ్బు పెద్దపేగులో మొదలై కాలేయానికి పాకింది. మొదట కీమోతో పాటు ఒక సూది ఇచ్చారు. ఆ సూది పడినన్నాళ్లూ జబ్బు అణిగి ఉంది కానీ ముఖమంతా, మెడంతా ఎర్రటి గుల్లలు లేచాయి. అందుకే ఇంట్లో దానికి గుల్లల సూది అని పేరు పడింది. సుబ్బక్క అద్దం తీసి రాగుల డ్రమ్ము వెనక్కి తోసేసింది. పెళ్లిళ్లకు పోవడం మానేసి, వాకిట్లోకి వచ్చినా కొంగు కప్పుకునే వచ్చేది. తర్వాత జబ్బు ఆ సూదికి లొంగడం మానేసింది. సూది ఆపారు, మందు మార్చారు. గుల్లలు పోయాయి. ఎదురింటి పిల్లమ్మ చూసి, ముఖం తేటబడింది, జబ్బు దిగిపోయినట్టే ఉందే అని సంతోషపడింది. ఆ వారమే స్కానులో కాలేయం మీది మచ్చలు పెద్దవయ్యాయని తేలింది.

"గడ్డ ఉంది చూడు, అది తన పొడిని రక్తంలోకి రాలుస్తా ఉంటాదంట," అన్నది సుబ్బక్క. "మా యమ్మ ముళ్లకంపకు అంటుకున్న బొచ్చు చూసి ఏ గొర్రె ఆ తావన పోయిందో చెప్పేది. అట్లనే వీళ్లు రక్తంలో పొడి చూసి, లోపల ఉండే జబ్బు ఎట్లాంటిదో చెప్తారంట. ఆ సూదికి లొంగని రకం జబ్బుకు ఒక గుర్తు ఉంటాది. సూది ఆపి నాళ్లయింది గదా, ఆ రకం తగ్గిపోయుంటే సూది మళ్లా పనిచేస్తాదంట. ఇంగా ఉంటే పనిచెయ్యదు."

"పనిచేస్తాది," అన్నాడు బైరప్ప, కాళ్ల దగ్గరి నీలం డబ్బాను చెప్పుతో లోపలికి జరుపుతూ.

బుధవారం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. రక్తం పనికి రాలేదు, మళ్లీ ఇవ్వాలి, రమ్మన్నారు. ఎందుకు పనికి రాలేదో ఫోనులో చెప్పలేదు.

మొగుడూ పెళ్లాలు రెండో అంతస్తు ఎక్కేసరికి నడవాలో జనం ఆగిపోయి ఉన్నారు. మంచినీళ్ల క్యాను దగ్గర ఆఫీసు మేనేజరు నిలబడి మోనిషాను నిలదీస్తున్నాడు. గట్టిగా అరిచే మనిషి కాదతను. మాట మీద మాట ఒకే గొంతుతో, అందరికీ వినపడేట్టు అంటున్నాడు. పెట్టెలో ఐసు పెట్టకూడదని మూత మీదే అచ్చు వేసి ఉంది కదా, చదివే ఓపిక లేదా, ల్యాబువాళ్లు ఫోటో తీసి పంపారు చూడు, దీనికేమంటావు అంటున్నాడు.

"నేను పెట్టలేదు సార్," అన్నది మోనిషా.

"అయితే ఐసు దానంతటది నడిచి వచ్చి పెట్టెలో పడుకుందా?"

ఎవరో నవ్వారు. సెలైను స్టాండు పట్టుకుని నడుస్తున్న ఒక ముసలాయన కూడా ఆగి చూస్తున్నాడు. రేపట్నుంచి కీమో వార్డులో పని లేదు, కింద ఫైళ్ల గదికి పొమ్మన్నాడు మేనేజరు. మోనిషా ఏడవలేదు. జేబుకున్న పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ మూత పెట్టింది.

బైరప్ప పై మెట్టు మీదే ఆగిపోయాడు. పక్కనుంచి సుబ్బక్క అతని ముఖంలోకి చూసింది. దొడ్లో మేక తప్పిపోయినా, పాలు విరిగినా, అతని ముఖం చూసే ఆమె సంగతి పసిగట్టేది.

"నువ్వేనా?" అన్నది మెల్లగా.

అతను తల ఊపాడు.

"అయితే పో. ఆ పిల్ల ఇంగా ఎంతసేపు నిలబడాల?"

బైరప్ప వెళ్లి నీళ్ల క్యానుకు ఇవతల, మోనిషాకూ మేనేజరుకూ మధ్యలో నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఐసు పెట్టింది నేను సార్. ఈ పాపకు తెలియదు. చెప్పకుండా టేపు ఊడదీసి పెట్టినాను."

మేనేజరు అదేదో ఆఫీసు గదిలో మాట్లాడదాం రమ్మన్నాడు. బైరప్ప కదల్లేదు. తిట్టింది నడవాలో అయితే చెప్పేదీ నడవాలోనే చెప్తాను అన్నాడు. అక్కడున్న వాళ్లలో తెలుగు రానివాళ్లు కూడా ఉంటారని, అదే మాట అరవంలో ఇంకోసారి, అంతకంటే గట్టిగా చెప్పాడు. సెలైను స్టాండు ముసలాయన దాకా వినబడిందో లేదో అని అటు తిరిగి చూశాడు. ఆయన తల ఊపాడు. మేనేజరు మోనిషాతో ఏదో గొణిగి, ఫోను చెవికి పెట్టుకుని మెట్ల వైపు వెళ్లాడు. గొణిగింది ఏమిటో ఎవరికీ వినపడలేదు కానీ, ఆ అమ్మాయి పెన్ను జేబులో పెట్టుకుని వార్డులోకే వెళ్లింది.

డాక్టరు ప్రేమ అప్పుడే టిఫిను డబ్బా తెరిచింది. లోపలికి రమ్మని, అన్నం కలుపుకుంటూనే అంతా విన్నది. తిట్టలేదు. ఐసులో నువ్వు పెట్టేవి ఏమిటి అని అడిగింది. పశువుల టీకాలు అన్నాడు. అది సరైన పనే, కానీ రక్తానికి వేరే లెక్క అని చెప్పింది. మంచు తగిలితే రక్తంలోని మామూలు కణాలు పగిలిపోతాయి. వాటి పొడి కూడా వచ్చి కలుస్తుంది. మనం వెతుకుతున్న పొడి కొంచెమే కాబట్టి, అది ఆ పొడిలో మునిగి కనబడకుండా పోతుంది. అట్లాంటి రక్తం చూసి 'గుర్తు లేదు' అంటే ఆ మాటకు విలువ లేదు.

"ల్యాబు వాళ్లు పెట్టె తెరిచి చూసి ఆపేసినారు కాబట్టి మంచిదయింది," అన్నదామె. "చూడకుండా చేసుంటే తప్పు రిపోర్టు మన చేతికి వచ్చేది. నేను దాన్ని నమ్మేసేదాన్ని."

అని ఎడమచేత్తోనే ఫోను తీసి, ల్యాబుకు చేసి, రెండో రక్తం వస్తుంది, ముందుగా చూడమని అడిగింది. కొత్త గొట్టాలు వచ్చేది శుక్రవారమే, ఆ రోజు రమ్మన్నది.

ఆ సాయంత్రం మత్తిగిరి నుంచి కొడుకు గోపీనాథ్ వచ్చాడు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి అట్నుంచటే వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీదే ఉన్నాడు. సంగతంతా విని గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మ రక్తమూ ఆవుల టీకా ఒకటేనా నాయనా నీకు?"

బైరప్ప ఆ గ్లాసు తీసి గోడ వారకు జరిపాడు. గోపీనాథ్ కోపం తగ్గించుకుని, తాను తెచ్చిన సంగతి చెప్పాడు. కృష్ణగిరిలో ఒక నర్సింగ్‌హోము ఉంది. ఆ సూది అక్కడ దొరుకుతుంది. పరీక్షా గిరీక్షా లేకుండా రేపే వేస్తామన్నారు. ఇంకోసారి రక్తం పంపి, రిపోర్టు కోసం ఇంకా కూర్చుంటే జబ్బు ఊరుకుంటుందా? పోయినసారి పనిచేసిన సూదే కదా, వేసేస్తే పోలేదా?

తన వల్లే నాళ్లు పోయాయన్న బరువు బైరప్ప మెడ మీద ఉంది. ఆ బరువు దించుకునే దారి కనబడేసరికి ఇంకేమీ ఆలోచించలేదు. పోదాం అన్నాడు. సుబ్బక్క ఇద్దరి ముఖాలూ చూసి, సరే అన్నట్టు చెంబులో మిగిలిన నీళ్లు తులసి మొక్కకు పోసి లోపలికి వెళ్లింది.

గురువారం రాయకోట మీదుగా బస్సులో కృష్ణగిరి చేరారు. దారి పొడుగునా మామిడి తోపులు. సుబ్బక్క కిటికీ పక్కన కూర్చుని ఏ తోపులో గొర్రెలు మేస్తున్నాయో చూస్తూ వచ్చింది. నర్సింగ్‌హోము శుభ్రంగానే ఉంది. మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. స్టాండుకు సీసా వేలాడదీశారు. పక్క మంచం మీద నడుం నొప్పికి వచ్చిన ఆడమనిషి, ఆమెకు కాపలాగా వచ్చిన తమ్ముడు ఉన్నారు.

కుర్ర డాక్టరు మర్యాదస్తుడే. పాత కాగితాలు తిరగేసి, పోయినసారి బాగా పనిచేసిందమ్మా, ఈసారీ పనిచేస్తుందిలే అన్నాడు.

సుబ్బక్క పడుకోలేదు. మంచం అంచున కూర్చుని, "పనిచేసి మళ్లా ఆగిపోయింది గదా సార్. ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది.

అది జబ్బు గుణం అన్నాడు.

"ఆ గుణం ఇంగా ఉండాదా, పోయిందా?"

"వేసి చూద్దాం అమ్మా. పనిచేస్తే చేసినట్టు, లేకపోతే వేరే మాత్రలున్నాయి."

ఆయన సిస్టరును పిలవడానికి బయటికి వెళ్లాడు. సుబ్బక్క కాళ్లు కిందికి దించి, మంచం కింద చెప్పుల కోసం వేళ్లతో వెతుక్కుంది. గోపీనాథ్ ఏమైందమ్మా అని ముందుకు వచ్చాడు. ఆమె కొడుకును చూడలేదు. మొగుణ్ణి చూసింది.

"యోవ్, గొర్రెలకు నట్టల మందు పోసే ముందర నువ్వేం చేస్తావు?"

బైరప్పకు ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "పెంటికలు తీసుకుని పోయి డాక్టరుకు ఇస్తాను."

"ఎందుకు?"

"పురుగు ఉండాదో లేదో, ఏ పురుగో, అద్దం కింద పెట్టి చూస్తారు. చూడకుండా పోస్తే మందు దండగ. పురుగు ఇంగా మొండిదైపోతాది." చెబుతూ చెబుతూ అతని గొంతు తగ్గిపోయింది.

"గొర్రెకు చూసి పోస్తావు. నాకు మాత్రం చూడకుండా పోయమంటావా? గొర్రె కన్నా తక్కువైపోయినానా నేను నీకు?"

పక్క మంచం ఆడమనిషి నడుం నొప్పి మరిచి నవ్వింది. ఆమె తమ్ముడు, మీ ఇంటామె చెప్పేది న్యాయమేనప్పా అన్నాడు. బైరప్పకు కూడా నవ్వు వచ్చింది, దానితో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండూ ఒకేసారి రావడంతో ఎటు తిరగాలో తెలియక సీసా వేలాడే స్టాండును సరిచేశాడు.

గోపీనాథ్ ఒప్పుకోలేదు. నాళ్లు పోతాయమ్మా అన్నాడు. ఆ పిల్లవాడి గొంతులో ఉన్నది కోపం కాదు, భయం.

సుబ్బక్క వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "పోనీ నాయనా. ఆ గుల్లలు నువ్వు చూసినావు, నేను పడినాను. ముఖం కాలిపోతాది, వేళ్లు పగిలిపోతాయి, రాత్రంతా గోకుతా కూర్చోవాల. పనిచేస్తాదంటే ఎన్నిసార్లయినా పడతాను. పనిచెయ్యని సూదికి ఎందుకు పడాల? పని చేసే మందు వేరే ఏదో ఒకటి ఉంటే దానికియ్యాల్సిన నాళ్లు గూడా దీనికే పోతాయి గదా. ఆ డాక్టరమ్మ చూసి చెప్తానంటాది. చూసినాకే వేయించుకుంటాను."

ఇంతసేపు మాట్లాడినందుకు ఆయాసం వచ్చింది. గోపీనాథ్ లేచి నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. తర్వాత తనే వెళ్లి కుర్ర డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. ఆయన తప్పు పట్టలేదు, మీ ఇష్టం అన్నాడు. బస్టాండులో గోపీనాథ్ అమ్మకు రెండు మామిడిపళ్లు కొనిచ్చాడు. బస్సు ఎక్కాక నాయన పక్కన కూర్చుని, రాయకోట దాటాక, "నేను అట్ల అనకుండా ఉండాల్సింది నాయనా," అన్నాడు. ఏ మాట గురించో ఇద్దరికీ తెలుసు. బైరప్ప కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి కిటికీలోంచి బయటికి చూశాడు.

శుక్రవారం వార్డులో మోనిషానే ఉంది. సుబ్బక్క నరాలు కీమోతో ఎండిపోయి లోపలికి దాక్కున్నాయి. వేరేవాళ్లెవరైనా మూడు నాలుగు చోట్ల గుచ్చిగాని పట్టుకోలేరు. మోనిషా వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఆ చేతికి చుట్టి, కాసేపు అట్లాగే పట్టుకుని, కబుర్లు చెబుతూ చూపుడువేలితో మెల్లగా తడిమింది. కళ్లతో కాదు, వేలికొనతోనే వెతుకుతున్నట్టుంది. ఒక్క పోటుతో నరం అందింది. గొట్టంలోకి రక్తం సన్నగా, నిదానంగా దిగింది.

బైరప్ప గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రెండు రోజులుగా ఆ అమ్మాయికి ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు గానీ ఆమె ఆ మాట చెప్పే వీలివ్వలేదు. నిండిన గొట్టం బయటికి తీసి అతని వైపు చాపింది.

"పట్టుకోండి అప్పా."

అతను వెనక్కి తగ్గాడు. "నాకెందుకు పాపా, వద్దు."

"పట్టుకోండి. నాకు రెండో గొట్టం నింపాల. తలకిందులు చెయ్యండి, మళ్లా నిలబెట్టండి. మెల్లగా. టీకా సీసా మాదిరి ఊపకూడదు, ఊపితే పాడైపోతాది. చంటిబిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటారు చూడండి, అట్ల."

బైరప్ప గొట్టం అందుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. గొర్రెల దవడ పట్టి నోరు తెరిపించే మొరటు వేళ్లు అవి. ఆ వేళ్లతో గాజు గొట్టాన్ని అంత నెమ్మదిగా తిప్పాడు. లోపలి గాలిబుడగ ఈ చివరి నుంచి ఆ చివరికి పోవడం, మళ్లీ తిరిగి రావడం చూశాడు. చాలు అని మోనిషా చెప్పేదాకా ఆపలేదు.

పెట్టెకు టేపు వేశాక కబురు వచ్చింది. కర్ణాటకలో బంద్. సరిహద్దు దగ్గర బళ్లు ఆపేశారు, కొరియరు సాయంత్రం దాకా రాదు. బైరప్ప వెంటనే లేచాడు. జూజువాడి దాకా బండిలో పోయి, అక్కడ నడిచి సరిహద్దు దాటి, అత్తిబెలెలో ఏదో ఒక బండి పట్టుకుని ల్యాబు చేరుస్తానన్నాడు. చేసిన తప్పుకు అంతైనా చెయ్యనియ్యమన్నాడు.

మోనిషా నవ్వింది. ఆ నడవా గొడవ తర్వాత ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదటిసారి.

"వద్దప్పా. ఈ గొట్టాల్లో మందు ఉంటాది. రక్తం కొన్నాళ్లు చెడిపోకుండా ఉంటాది. ఎండ తగలకూడదు, చలి తగలకూడదు, అంతే. మీరు చేయాల్సింది ఏమీ లేదు. ఆ ఏమీ చేయకపోవడమే మీ పని." అని పెట్టెను బల్ల మీద కిటికీకి దూరంగా పెట్టి, కుర్చీ దగ్గరికి లాగింది. "మళ్లా మీరే చూసుకోండి."

అని వార్డులోకి వెళ్లిపోయింది. పెట్టెనూ అతన్నీ ఆ గదిలో వదిలేసి, తలుపు కూడా వేయకుండా వెళ్లిపోయింది.

బైరప్ప కూర్చున్నాడు. ఆ రోజు టీకాల డబ్బా ఇంట్లోనే వదిలి వచ్చాడు. అయినా చేతులు ఊరుకోవడం లేదు. పెట్టె వెచ్చబడిందేమో ఒకసారి చూస్తే పోలేదా అని అరచెయ్యి దురద పెట్టింది. చివరికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని బిగించి కూర్చున్నాడు. వార్డులోని వాళ్లు నీళ్లకు పోతూ వస్తూ తొంగి చూశారు. సెలైను స్టాండు ముసలాయన గుమ్మంలో ఆగి, "పెట్టె గుడ్లు పెడతాదా ఏమప్పా, అట్ల పొదిగేదానికి కూర్చున్నావు?" అన్నాడు. సుబ్బక్క బెంచీ మీంచి విని నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా బంద్ విడిచింది. ఆ పాత కొరియరాయనే వచ్చాడు. పెట్టె అందుకుని, ఈసారి ఐసు ఉందా లేదా అని అడిగాడు.

"లేదప్పా," అన్నాడు బైరప్ప, రెండు చేతులతో పెట్టె ఇస్తూ. "దాంట్లో ఆమె రక్తం తప్ప ఏమీ లేదు."

రిపోర్టు వచ్చేనాటికి ఊళ్లో టమాటా కోతలు మొదలయ్యాయి. డాక్టరు ప్రేమ వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపించే ముందు కళ్లజోడు తీసి తుడుచుకుంది. గోపీనాథ్ సెలవు పెట్టి వచ్చాడు. మోనిషా పనేదో ఉన్నట్టు తలుపు దగ్గర నిలబడింది.

"ఆ గుర్తు కనబడలేదు," అన్నది డాక్టరు.

"లేదనా?" అన్నాడు బైరప్ప.

"కనబడలేదని. రెండూ ఒకటి కాదు. లేదని ప్రమాణం చేసి నేను చెప్పలేను. కానీ గడ్డ పొడి రక్తంలో బాగా దొరికింది, ఆ పొడిలో ఆ గుర్తు మాత్రం లేదు. అందుకే ధైర్యంగా ఆ సూది మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇది జబ్బును తీసేయదు. కొన్నాళ్లు అణిచి పెడుతుందని నా ఆశ. స్కాను చూసేదాకా అంతకు మించి ఒక్క మాట కూడా అనను."

బైరప్ప ఆమె ముఖం వైపే చూస్తుండిపోయాడు. తెలిసినంత వరకే చెప్పి, తెలియని చోట ఆగే మనిషిని చూస్తే అతనికి ఎప్పుడూ గౌరవమే. పాత పశువుల డాక్టరు కూడా అట్లాగే ఉండేవాడు.

"గుల్లలు వస్తాయా?" అని అడిగింది సుబ్బక్క.

"వస్తాయమ్మా. పూసేదానికి మందు రాస్తాను. వస్తే మందు ఒంటికి పట్టిందని అనుకోవచ్చు, అది మంచి లక్షణమే."

ఆ రోజే మొదటి సూది పడింది. నరం మోనిషానే అందుకుంది.

తర్వాత రోజూ పొద్దున్నే బైరప్ప పైకి ఏమీ అడగకుండా భార్య ముఖం చూసేవాడు. ఆమె అతను చూడటం చూసి, ఏం చూస్తావు పో అనేది. ముఖం నున్నగా, తేటగా ఉండేది. ఆ తేటదనం చూస్తే మందు ఒంటికి పట్టలేదేమోనని అతనికి భయం వేసేది.

ఒక ఉదయం వాకిట్లో మోపెడ్ నిలబెట్టి, నీలం డబ్బాలో ఐసు సర్దుతున్నాడు. ఆ రోజు బేరిగై పోవాలి. సుబ్బక్క ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. రాగుల డ్రమ్ము వెనక పెట్టిన అద్దం ఇంకా బయటికి తీయలేదు. వచ్చి, మోపెడ్ హ్యాండిలుకున్న చిన్న అద్దం ముందు వంగి, తల ఇటూ అటూ తిప్పింది.

"యోవ్, ఇట్ల రా."

అతను చేతులు తుడుచుకుని వచ్చాడు. ముక్కు పక్కన, చెంప మొదట్లో ఎర్రగా రెండు చుక్కలు. గడ్డం కింద ఇంకోటి, అప్పుడే లేస్తోంది.

ఎదురింటి పిల్లమ్మ పాల క్యాను మోసుకుంటూ సొసైటీ నుంచి తిరిగి వస్తోంది. చూసి ఆగిపోయింది. "అయ్యో సుబ్బక్కా, మళ్లా వచ్చేసినాయే గుల్లలు."

సుబ్బక్క కొంగు భుజం మీదే ఉంది. కప్పుకోలేదు. ఎండలోకి ఇంకా కొంచెం ముఖం తిప్పింది.

"వచ్చినాయి పిల్లమ్మా, వచ్చినాయి," అన్నది, బంధువులు బస్సు దిగారని చెప్పినట్టు.

బైరప్ప చేతులు ఐసు పట్టుకుని చల్లగా ఉన్నాయి. వాటిని తువ్వాలులో రుద్ది రుద్ది వెచ్చచేసుకుని, అప్పుడు వేళ్ల వెనకభాగం ఆమె చెంప మీద ఆనించి చూశాడు.

వెచ్చగా ఉంది.